మటన్ దుకాణం ముందు ఆడవాళ్ళు

మాంసం వండేది ఆడవాళ్ళు, కొనేది మగవాళ్ళు. మాంసం తినే మన ఇళ్ళలో చాలావాటిలో ఇదే పద్ధతి. ఎవరూ కూర్చుని రాసిన నియమం కాదు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు కూడా. కూరగాయలకి మనమే వెళతాం. రేషన్ క్యూలో మనమే నిలబడతాం. పాలవాడితో నీళ్ళ గురించి పేచీ మనమే పెట్టుకుంటాం. ఆదివారం పొద్దున మాత్రం సంచీ పట్టుకుని బయల్దేరేది నాయినో, అన్నో, భర్తో. ఏడింటికి వెళ్ళిన మనిషి తొమ్మిదింటికి వస్తాడు. మధ్యలో చాయ్, పేపరు, నలుగురు స్నేహితులు, కావలసినన్ని రాజకీయాలు. ఈలోగా ఇంట్లో అల్లం వెల్లుల్లి నూరి, కొబ్బరి, గసగసాలు వేయించి సిద్ధంగా ఉండాలి. తెచ్చినది ముదురుదైతే రెండు గంటలు ఉడికించాల్సింది మనమే, "ఇంకా ఉడకలేదా" అన్న మాట పడాల్సిందీ మనమే.

ఎందుకిలా అని అడిగి చూడండి. ఆడవాళ్ళు రక్తం చూడలేరు అంటారు. నెలనెలా రక్తం చూసేవాళ్ళ గురించి, పురుళ్ళు పోసేవాళ్ళ గురించి ఈ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! మంచి మాంసం ఎంచడం ఆడవాళ్ళకి రాదు అంటారు. గిన్నెలో వేసిన అయిదు నిమిషాలకే వాసన బట్టి అది మేకో గొర్రో, లేతదో ముదురుదో చెప్పగలిగిన మనిషికి రాదట. చివరికి, అక్కడంతా మగవాళ్ళుంటారు అంటారు. నిజం ఈ మూడో జవాబులో ఉంది. మొదటి రెండూ దాని మీద కప్పిన గుడ్డలు.

చేపల దగ్గరికి వచ్చేసరికి ఈ వాదనలన్నీ ఎటు పోతాయో తెలియదు. కోస్తా ఊళ్ళలో గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మేది స్త్రీలే. రేవు దగ్గర వేలంలో గొంతెత్తి బేరమాడేది వాళ్ళే. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌కి ఒక ఆదివారం వెళ్ళి చూడండి, కత్తి ముందు కూర్చుని పొలుసు తీసి ముక్కలు కొట్టే వాళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళున్నారో. అక్కడా రక్తం ఉంది, కత్తి ఉంది, మగ కొనుగోలుదారులున్నారు. కాబట్టి అడ్డం వస్తున్నది వేరే. యాటను కొయ్యడం మన దగ్గర వట్టి వంట వ్యవహారం కాదు. పండగ, మొక్కు, పెళ్ళి, పరువు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. బోనాల్లో బోనం ఎత్తేది స్త్రీ, గావు పట్టేది పోతురాజు. ఖరీదైనదీ, పదిమందిలో గౌరవం తెచ్చేదీ ఏదైనా మగవాడి చేతి మీదుగానే ఇంట్లోకి రావాలి.

నేను మటన్ దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది నలభై నాలుగో ఏట. సిద్ధాంతం కోసమేమీ కాదు. నాయిన పోయాక అమ్మ నల్లగొండ నుంచి నా దగ్గరికి వచ్చేసింది. అప్పటిదాకా ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఫోనులో నొక్కితే ప్లాస్టిక్ డబ్బాలో మాంసం గుమ్మం ముందుకి వచ్చేది. గులాబి రంగు ముక్కలు, పైన అతికించిన చీటీ, తేదీ. అమ్మ మూత తీసి చూసింది. "ఇదేం కూరనే, బొక్క లేదు, కొవ్వు లేదు. ఏ యాటదో, ఎప్పటిదో. దుకాణం లేదా మీ గల్లీల?" అంది. ఉంది. వీధి చివర ఇరవై ఏళ్ళకి పైగా ఉంది. నేను రోజూ దాని ముందు నుంచే యూనివర్సిటీకి వెళతాను.

పదడుగుల గది అది. ఇనుప కొక్కేలు, తరాజు, గోడ మీద ఎల్లమ్మ పటం. నడుమ చింతమొద్దు. ఏళ్ళ తరబడి కత్తి దెబ్బలు పడి మధ్యలో గిన్నెలా గుంట పడిపోయింది. నడిపేది ఆరె కటిక కులానికి చెందిన భార్యాభర్తలు. మొదటి రోజు "అరకిలో మటన్" అన్నాను. ఆయన కత్తి ఆపి, "ఏది మేడం? రానా, దస్తా, సీనానా? ఇగురుకా, పులుసుకా?" అన్నాడు. డబ్బాలో మాంసం కొన్న అన్నేళ్ళలో ఇలాంటి ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. రాన్ అంటే వెనకకాలు, దస్త్ ముందుకాలు, సీనా రొమ్ము, గర్దన్ మెడ, చాప్ పక్కటెముకలు. కార్జం, తిల్లి, గుర్దా, భేజా. బోటి. మూలుగ ఉన్న నల్లి బొక్క. సగం ఉర్దూ, సగం తెలుగు. హైదరాబాద్ భాష చెక్కు చెదరకుండా ఎక్కడైనా బతికి ఉందంటే ఈ చింతమొద్దు మీదే అనిపిస్తుంది నాకు.

షాపింగ్‌లో ఆనందం అనే మాట రాయడానికి మన స్త్రీవాదులం కొంచెం వెనకాడతాం. వినియోగ సంస్కృతిని తిడుతూ వ్యాసాలు రాసినవాళ్ళం కదా. కానీ నేను చెప్తున్న ఆనందం వేరు. ఇది కాదు, అది అని వేలుతో చూపించడం. ముక్క పెద్దదైంది, ఇంకా చిన్నగా కొట్టమనడం. ఆయన చెప్పినదానికి నేను ఒప్పుకోకపోవడం, నేను చెప్పినదానికి ఆయన నవ్వడం. నాకు తెలియని ఒక విద్యలో వారానికో మాట నేర్చుకోవడం. కీలు ఎక్కడుందో వేలితో నొక్కి చూసి, ఒక్క దెబ్బతో విడదీసే ఆ నైపుణ్యాన్ని దగ్గర నుంచి చూడడం. ఇంకో సంగతి కూడా ఉంది. దుకాణం ముందు బల్ల మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూస్తున్న అరగంట నన్ను ఎవరూ ఏ పనీ అడగరు. ఎదురుచూడడం కూడా పనే కాబట్టి తీరిగ్గా కూర్చున్నానన్న అపరాధ భావం అక్కర్లేదు. ఆదివారం ఏడింటికి వెళ్ళిన మగవాళ్ళు తొమ్మిదింటికి ఎందుకు వచ్చేవారో ఇప్పుడు నాకు బాగా తెలిసింది. శ్రమ విభజన గురించి క్లాసులో పాఠం చెప్పేటప్పుడు తీరిక విభజన గురించి కూడా చెప్పాలని ఈ మధ్యే నోట్సులో రాసుకున్నాను.

ఒకరోజు అమ్మ తనూ వస్తానంది. డెబ్భై మూడేళ్ళ మనిషి. యాభై ఏళ్ళకి పైగా యాటకూర వండింది. పండగలకి, పెద్దల దినాలకి, మా పెళ్ళిళ్ళకి ఎన్ని కిలోలు వండిందో లెక్క లేదు. మటన్ దుకాణం గడప తొక్కడం అదే మొదలు. స్టూలు వేసి కూర్చోబెట్టారు. కాసేపు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఆ కొవ్వు ఎందుకు తీసేస్తున్నవ్, ఉండనియ్. ఆ బొక్క అట్ల కొట్టకు, మూలుగ కారిపోతది. ఊళ్ళో మా ఇంటి పండగలకి ముల్లా సాబ్ వచ్చి కోసి ఇచ్చేవాడనీ, కటికాయన తోలు తీసేవాడనీ, తను కిటికీలోంచి చూసేదాన్ననీ చెప్పింది. ఇక్కడా అంతే అన్నాడాయన. జియాగూడలో యాటలు కొని, అక్కడే కోయించి, ముద్ర వేయించుకుని తెస్తాడు. కోసేది ముస్లిం, కొట్టి అమ్మేది హిందువు, కొనేది అందరూ. 2022 వసంతంలో కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం చేసినవాళ్ళకి ఈ మామూలు సంగతి తెలియక కాదు, తెలిసే ఆ పని చేశారు. అమ్మకి ఈ గొడవలేం పట్టలేదు. ఇంటికొచ్చేదాకా ఒకటే మాట, "ఇన్నేండ్లు మీ నాయిన సీనా అని చెప్పి గర్దన్ తెచ్చిండే!"

ఈ దుకాణంలో నాకు ముఖ్యమైన మనిషి ఆయన భార్య. బోర్డు మీద ఆయన పేరుంది, లైసెన్సులో ఆయన పేరుంది. వెనక గదిలో పని మాత్రం ఆమెది. తలకాయలూ కాళ్ళూ మంట మీద కాల్చి, గీకి, కడిగేది ఆమె. బోటిని తిరగేసి, వేడినీళ్ళలో నాలుగైదు సార్లు కడిగి, పొర గీసేది ఆమె. చేతులకి ఆ వాసన ఎంత రుద్దినా పోదు. ఖాతా పుస్తకం రాసేది ఆమె. ఎవరింట్లో ఆపరేషన్ అయింది, ఎవరికి సూపు బొక్కలు ఉంచాలి అన్నది గుర్తుపెట్టుకునేది ఆమె. తెల్లవారుజామున భర్త జియాగూడకి వెళ్ళినప్పుడు షట్టర్ ఎత్తి, కత్తి పట్టేదీ ఆమే. బాగా కొడుతుంది. ఆయన కన్నా ఖీమా సన్నగా కొడుతుందని నా అభిప్రాయం. అయినా ఆ వేళ వచ్చిన మగవాళ్ళు కొందరు "అన్న లేడా?" అని అడిగి, ఆయన వచ్చేదాకా బయట నిలబడతారు. ఆమె ఏమీ అనదు. మొద్దు తుడుచుకుంటూ ఉంటుంది. అలా నిలబడిన ఒకాయన ఒకసారి నాతో, "ఆడమనిషికి ముక్క కుదరదండీ" అన్నాడు. ఆయన భార్య ఏటా పది కిలోల మామిడికాయలు పచ్చడికి ముక్కలు కొడుతుంది, నాకు తెలుసు.

అమ్మే తీరు సంగతి చెప్పాలి. నేను తెప్పించుకున్న డబ్బాల్లో అర్ధకిలోకి తక్కువ ఏదీ ఉండేది కాదు. దుకాణంలో వంద గ్రాముల ఖీమా ఇస్తారు. యాభై రూపాయల బొక్కలు ఇస్తారు. అపార్ట్‌మెంట్లలో పనిచేసే స్త్రీలు మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చి, తిల్లి ముక్క, కాస్త కొవ్వు, నాలుగు బొక్కలు కట్టించుకుని వెళతారు. బాలింత కూతురికి కాళ్ళ సూపు కోసం ఒక తల్లి రెండు కాళ్ళు అప్పు మీద పట్టుకెళుతుంది. ఒంటరిగా ఉండే పెన్షనర్ ఒకామె పావుకిలో తీసుకుని, దాన్ని మళ్ళీ రెండు పొట్లాలు చేయించుకుంటుంది. కిలో తొమ్మిది వందలు దాటిన రోజుల్లో, పేద స్త్రీకీ ఒంటరి స్త్రీకీ మాంసం అందాలంటే చిన్న తూకం ఉండాలి, అరువు ఉండాలి, మొహం తెలిసిన మనిషి ఉండాలి. ఫోను తెరలో ఈ మూడూ లేవు.

గొర్రెలకేం కొరత లేదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశం మొత్తానికి తెలంగాణదే మొదటి స్థానం, కోటీ 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్. తినేవాళ్ళకీ కొరత లేదు. 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు, స్త్రీలూ పురుషులూ దాదాపు సమానంగానే. మరి రక్తం సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది, పురుషులలో 25 మందికి. తెలంగాణ, ఆంధ్ర స్త్రీల పరిస్థితి దేశం సగటు కంటే మెరుగేమీ కాదు. మాంసాహారులం అని లెక్కలో రాసినంత మాత్రాన మాంసం కంచంలోకి వచ్చినట్టు కాదు. నెలసరి వల్ల, కాన్పుల వల్ల స్త్రీకి ఇనుము ఎక్కువ కావాలి. కార్జంలో ఉండే ఇనుము ఆకుకూరల్లో ఉన్నదానికన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. మన ఇళ్ళలో కార్జం ఎవరు తింటారు? ముందు విడిగా తీసి, మిరియాలేసి వేయించి, మందు పక్కన నంజుకోవడానికి మగవాళ్ళ ముందు పెడతాం. నల్లి పిల్లాడికి. మంచి ముక్కలు పెద్దాయనకి. చివర గిన్నెలో మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని "నాకు ముక్కలు అంత ఇష్టం ఉండవు" అనేది ఎవరో మీకు తెలుసు. కొనే చెయ్యి మారితే వడ్డించే తీరు దానంతటదే మారిపోతుందని నేననను. కానీ దుకాణంలో నిలబడి "పావుకిలో కార్జం, నా కోసం" అని పైకి అనడం ఎలా ఉంటుందో ఒకసారి అని చూడండి.

భాష గురించి నాకో ఫిర్యాదు ఉంది. భార్యని చంపిన మగవాడి గురించి పేపర్లు "కసాయి భర్త" అని రాస్తాయి. ఆడపిల్లని వదిలేసిన స్త్రీని "కసాయి తల్లి" అంటాయి. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు అని సామెత ఉండనే ఉంది. మన స్త్రీల పత్రికల్లో కూడా వరకట్న హత్యల మీద రాసేటప్పుడు ఈ మాట దొర్లుతూ ఉంటుంది. భార్యని కాల్చి చంపేవాడు ఉద్యోగస్తుడు కావచ్చు, వ్యాపారి కావచ్చు, డాక్టరు కావచ్చు. చేసిన నేరం అతనిదైతే పేరు ఒక వృత్తి కులానిది. ఆ ఇళ్ళల్లో పుట్టిన ఆడపిల్లలు బడిలో ఈ మాట ఎన్నిసార్లు వింటారో ఎవరైనా ఆలోచించారా? ఆమెని అడిగితే, చిన్నప్పుడు బడిలో ఎవరూ తన పక్కన కూర్చునేవాళ్ళు కాదని మాత్రం చెప్పి ఊరుకుంది.

మాంసానికీ పితృస్వామ్యానికీ ఉన్న సంబంధం మీద అమెరికన్ రచయిత్రి కారొల్ ఆడమ్స్ 1990లో ఒక పుస్తకం రాసింది. జంతువు శరీరాన్నీ స్త్రీ శరీరాన్నీ వస్తువుగా మార్చే చూపు ఒక్కటేనని ఆమె వాదన. చదవదగినదే, మా విద్యార్థులచేత చదివిస్తాను. కానీ అక్కడి నుంచి శాకాహారమే స్త్రీవాదం అనే మాటకి వస్తే, దాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు దించుకోవడం కుదరదు. పై కులాల్ని అనుకరిస్తూ మాంసం, మద్యం మానేసి పైకెక్కాలని చూసే ప్రక్రియకి ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లోనే సంస్కృతీకరణ అని పేరు పెట్టాడు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధం గురించి అంబేద్కర్ 1948లో పుస్తకమే రాశాడు. మన దేశంలో కంచంలో ఏముంది అన్నది ముందు కులం ప్రశ్న. ఆ మెట్లు మటన్ దుకాణంలో కూడా ఉన్నాయి. నేను ఎంతో ఇష్టపడే ఈ ఆమె కూడా పెద్దకూర దుకాణాల గురించి మాట్లాడేటప్పుడు ముక్కు చిట్లిస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేస్తే రాళ్ళు పడ్డాయి. మటన్ తింటే ఎవరూ రాళ్ళు వెయ్యరు, ఇల్లు అద్దెకివ్వరు, అంతే. మెట్టుని బట్టి శిక్ష.

ఇప్పుడు మా కాలనీ సంగతి. నాలుగు నెలల క్రితం మా అసోసియేషన్ ఒక కాగితం తయారుచేసింది. వీధి చివర మటన్ దుకాణాన్ని తీసేయించమని మునిసిపల్ అధికారులకి వినతి. కారణాల్లో మొదటిది: "వేలాడుతున్న మాంసం వల్ల మహిళలు, చిన్నపిల్లలు ఆ దారిన వెళ్ళడానికి ఇబ్బంది పడుతున్నారు." పదకొండుమంది కార్యవర్గంలో స్త్రీలు ఇద్దరు. ఆ ఇద్దరినీ నేను అడిగాను. వాక్యం ఎవరు రాశారో వాళ్ళకి తెలియదు. మహిళల ఇబ్బంది గురించి అసోసియేషన్‌కి ఇంత పట్టింపు ఉంటే మంచిదే. అదే వీధిలో ఉన్న వైన్ షాపు ముందు సాయంత్రం ఆరు దాటాక మేం నడవలేకపోతున్నామని రెండేళ్ళ క్రితం పద్దెనిమిది మందిమి రాసి ఇచ్చాం. ఆ కాగితం ఏమైందో ఇంతవరకు జవాబు లేదు.

మురుగు గురించి, ఈగల గురించి, కుక్కల గురించి ఉన్న అభ్యంతరాలు నిజమైనవే. వాటిని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. ముద్ర ఉన్న మాంసమే అమ్మాలి, అద్దం తలుపు ఉండాలి, వ్యర్థాలు రోజూ బండిలో పోవాలి. ఇవన్నీ చెయ్యగలిగినవే, ఆ దంపతులు ఒప్పుకున్నవే. నాలా సరిచెయ్యాల్సింది మాత్రం కార్పొరేషన్. దుకాణం తీసేసినా ఆ నాలా అలాగే పొంగుతుంది. ఏం తినాలన్నది మనిషి స్వంత విషయమనీ, గోప్యత హక్కులో భాగమనీ 2008లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. అయితే అదే తీర్పులో, జైనుల పండగకి తొమ్మిది రోజులు కబేళాలు మూసెయ్యడం సమంజసమేనని కూడా అంది. అంటే కోర్టు మాట పట్టుకుని మనం నిశ్చింతగా కూర్చోలేం. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు, అక్టోబర్ 2న వచ్చాయి. గాంధీ జయంతికి మాంసం దుకాణాలు మూత. తెలంగాణలో దసరా అంటే యాటకూర. ముందురోజు రాత్రి పది దాకా మా వీధిలో క్యూ ఉంది. ఆ క్యూలో, కాగితం మీద సంతకం పెట్టిన కార్యవర్గ సభ్యులు ముగ్గుర్ని నేను లెక్కపెట్టాను. మాంసం వాళ్ళకి కావాలి, అమ్మే మనిషి మాత్రం కనిపించకూడదు.

దుకాణం పోతే ఏం చేస్తారని ఆమెని అడిగాను. "ఆయనకు ఏడనన్న కత్తి దొరుకుతది మేడం. ఏ కంపెనీలనో పెట్టుకుంటరు. నాకెవరిస్తరు?" అంది. ఇరవై రెండేళ్ళ పని ఆమెది. రుజువుగా చూపించడానికి ఒక్క కాగితం లేదు. లైసెన్సు మళ్ళీ రాయించేటప్పుడు తన పేరు కూడా చేర్పించొచ్చా అని అడిగింది. భర్తతో ఈ మాట ఎత్తితే ఆయన నవ్వేసి, "రాయిద్దాంలే" అన్నాడట. రాయించే దరఖాస్తు ఫారం నేను తెచ్చిచ్చాను.

మేమూ ఒక కాగితం తయారుచేశాం. దుకాణం ఉండాలి, నాలా బాగుచెయ్యాలి, మా పేరు మీద ఏదైనా రాసే ముందు మమ్మల్ని అడగాలి. ఇంతవరకు నలభై మూడు సంతకాలు, అన్నీ స్త్రీలవే. మొదటిది మా అమ్మది. అందులో పదకొండు పనిమనుషులవి. మీరు కాలనీ వాసులు కారు కదా, మీ సంతకం చెల్లదు అని అసోసియేషన్ అంటోంది. ఈ కాలనీలో రోజుకి తొమ్మిది గంటలు గడిపేవాళ్ళు వాసులు కాకపోతే ఇంకెవరు? ఆరు ఇళ్ళలో భర్త సంతకం వాళ్ళ కాగితం మీద, భార్య సంతకం మా కాగితం మీద ఉంది. సర్వసభ్య సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పదింటికి పెట్టారు. ఆ వేళకి దుకాణంలో రద్దీ, తను రాలేనని ఆమె నోటీసు చూడగానే చెప్పింది. సాయంత్రానికి మార్చమని రాసిచ్చాం.